పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీ రివ్యూ: డీఏపీ బస్తా రేటు వెనకున్న కథ నాకు ఇక్కడే దొరికింది

నర్సంపేటలో మాది ఎరువుల దుకాణం. నేను ఎక్కువగా చూసే వెబ్‌సైట్ పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీ అంటే వినేవాళ్లు నమ్మరు, అందుకే ఈ రివ్యూ కాస్త వివరంగా రాస్తున్నాను. లోక్‌సభ సచివాలయం నడిపే ఉచిత సర్వీసు ఇది. డబ్బు కట్టేది లేదు, చదువుకోవడానికి లాగిన్ కూడా అక్కర్లేదు. 1952లో మొదటి లోక్‌సభ కొలువుదీరినప్పటి నుంచి సభలో ఎవరు ఏం మాట్లాడారు, ఏ మంత్రి ఏం జవాబిచ్చారు, ఏ కమిటీ ఏం రాసింది, బడ్జెట్ ప్రసంగాలు, రాష్ట్రపతి ప్రసంగాలు అన్నీ పెట్టారు. ఇంకా వెనక్కి వెళ్తే స్వాతంత్ర్యానికి ముందు ఢిల్లీలో నడిచిన సభల చర్చలు కూడా ఉన్నాయి. ఐదు స్టార్లకు నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో కింద చెబుతాను.

దుకాణంలో ప్రతి సీజన్‌లో వినే ప్రశ్న ఒకటుంది. "యూరియా రెండు వందల అరవై ఆరున్నర, డీఏపీ పదమూడు వందల యాభై. రెండూ మందు బస్తాలే గదా సేటూ, అది గింత పిరం ఎందుకైంది?" బయటి దేశాల్లో రేటు పెరిగింది కాకా అని చెప్పి పంపించొచ్చు, అది అబద్ధం కూడా కాదు. కానీ యూరియా కూడా బయటి దేశాల నుంచి వస్తుంది, దాని రేటూ అక్కడ పెరిగింది, మరి రైతు దగ్గరికి వచ్చేసరికి ఒకటే ఎందుకు పెరిగిందంటే దానికి జవాబు అంతర్జాతీయ మార్కెట్‌లో లేదు. ఢిల్లీలో 1991, 1992 సంవత్సరాల్లో జరిగిన వాటిలో ఉంది. ఆ రెండేళ్లు దేశం డబ్బుల్లేక అల్లాడిన రోజులు. ప్రభుత్వం ఏం చేయబోయింది, ప్రతిపక్షం ఎక్కడ అడ్డం నిలబడింది, ఎక్కడ నిలబడలేకపోయింది అన్నది ఈ లైబ్రరీలో సభ రికార్డుతో సహా చదువుకోవచ్చు.

మన వైపు వాళ్లకు ఈ కథలో ఇంకో ఆసక్తి కూడా ఉంది. అప్పటి ప్రధాని పీవీ నరసింహారావు పుట్టింది మా నర్సంపేట పక్కన లక్నేపల్లిలో. 1991 జూన్ 21న ప్రమాణం చేసేనాటికి ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు, నవంబర్‌లో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వచ్చారు. లోక్‌సభలో ప్రతిపక్ష నేత అద్వానీ. రాజ్యసభలో ఆ ఏడాది ప్రతిపక్ష నేత ఎవరంటే జనతాదళ్ తరఫున మన జైపాల్ రెడ్డి. అంటే దేశం దివాలా అంచున ఉన్నప్పుడు ప్రభుత్వాన్ని నడిపిందీ తెలంగాణ మనిషే, పెద్దల సభలో ఆ ప్రభుత్వాన్ని నిలదీసే కుర్చీలో కూర్చుందీ తెలంగాణ మనిషే. గ్రూప్స్‌కు చదివే పిల్లలకు ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. పీవీ గురించి అందరికీ తెలుసు, విగ్రహాలు కూడా ఉన్నాయి. ఎదురు కూర్చుని ప్రశ్నించినవాళ్లను మాత్రం మనం తొందరగా మర్చిపోతాం, నాకు నచ్చని విషయం ఇది.

ఇక అప్పటి పరిస్థితి. 1991 జులై 24 బడ్జెట్ ప్రసంగంలో అప్పటి ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ స్వయంగా చెప్పిన లెక్క ప్రకారం దేశం దగ్గరున్న విదేశీ మారక ద్రవ్యం దాదాపు 2,500 కోట్ల రూపాయలు, అది పదిహేను రోజుల దిగుమతులకు సరిపోతుంది. అంతకుముందు చంద్రశేఖర్ ప్రభుత్వం ఉండగానే 20 టన్నుల బంగారం స్విట్జర్లాండ్ బ్యాంకుకు వెళ్లింది. జులైలో ఇంకో 47 టన్నుల దాకా విదేశాలకు తరలించి కుదువబెట్టారు. ఇంట్లో పుస్తెలతాడు తాకట్టు పెట్టినంత అవమానంగా జనం బాధపడ్డారని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. జులై 1న, 3న రెండు విడతల్లో రూపాయి విలువ తగ్గించారు. పైగా అది మైనారిటీ ప్రభుత్వం, లోక్‌సభలో సొంత మెజారిటీ లేదు. అలాంటి ప్రభుత్వం అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) దగ్గర అప్పు తీసుకుంటూ, ఆ షరతులకు తగ్గట్టు ఖర్చులు కోస్తూ బడ్జెట్ పెట్టింది. ఆ కోతల్లో రైతు మీద పడ్డది ఎరువుల రేటు. సగటున 40 శాతం పెంచారు.

ఇక్కడ మా వ్యాపారం లెక్కలో చెబితే బాగా అర్థమవుతుంది. యూరియా టన్ను 2,350 రూపాయలు ఉండేది, అంటే యాభై కిలోల బస్తా 117 రూపాయల యాభై పైసలు. బడ్జెట్ దెబ్బకు టన్ను 3,300 అయింది, బస్తా 165. సభలో పెద్ద గొడవ అయింది. వామపక్షాలు, జనతాదళ్, బీజేపీ అన్నీ ఎదురు తిరిగాయి, కాంగ్రెస్ ఎంపీల్లోనే పల్లెల నుంచి వచ్చినవాళ్లు మేం ఊళ్లకు ఎట్లా పోవాలని తమ ఆర్థిక మంత్రినే అడిగారు. ఆగస్టులో ప్రభుత్వం దిగొచ్చింది. పెంపును 40 నుంచి 30 శాతానికి తగ్గించింది, చిన్న, సన్నకారు రైతులకు పాత రేటే ఉంచుతామంది. యూరియా టన్ను 3,060 దగ్గర ఆగింది, బస్తా 153. ఖజానా ఖాళీగా ఉన్నప్పుడు, బయట అప్పులవాళ్లు కూర్చుని ఉన్నప్పుడు కూడా సభ గట్టిగా అడిగితే ప్రభుత్వం బస్తా మీద పన్నెండు రూపాయలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చిందంటే అది చిన్న విషయం కాదు. ఆ రోజుల్లో పన్నెండు రూపాయలంటే ఎంతో మా వయసు వాళ్లకు తెలుసు. ప్రతిపక్షాలు అరవడం తప్ప ఏం చేస్తాయి అనేవాళ్లకు నేను ఇదే చూపిస్తాను.

కానీ కథ అక్కడితో అయిపోలేదు, అసలు నేర్చుకోవాల్సింది తర్వాతే ఉంది. ఒకే దుకాణంలో ఒకే బస్తాకు రెండు రేట్లు పెట్టి, ఎవరు చిన్న రైతు ఎవరు పెద్ద రైతు అని తేల్చి అమ్మించడం ఎంత కష్టమో ఎరువులు అమ్మేవాడికి వేరే చెప్పక్కర్లేదు, ఆ పద్ధతి నిలబడలేదు. ఎరువుల ధరల మీద సంయుక్త పార్లమెంటరీ కమిటీ వేశారు. ఆ కమిటీ నివేదిక వచ్చాక 1992 ఆగస్టు 25న ప్రభుత్వం డీఏపీ లాంటి ఫాస్ఫేట్ ఎరువులు, పొటాష్ ఎరువుల మీద ధరల నియంత్రణ ఎత్తేసింది, యూరియా మీద మాత్రం నియంత్రణ ఉంచి దాని రేటు పది శాతం తగ్గించింది. యూరియా టన్ను 2,760 అయింది. పొటాష్ రేటు కొద్ది నెలల్లోనే రెట్టింపు దాటిపోయింది. డీఏపీ కూడా ఎగిరింది, రాయితీ అని కొంత ఇచ్చినా పాత రేటు మళ్లీ రాలేదు.

1991 బడ్జెట్‌కు ముందు డీఏపీ టన్ను 3,600, అంటే బస్తా 180 రూపాయలు. యూరియా బస్తాకు ఒకటిన్నర రెట్లు. ఇవాళ నలభై ఐదు కిలోల యూరియా 266 రూపాయల యాభై పైసలు, యాభై కిలోల డీఏపీ 1,350. అంటే బస్తా లెక్కన ఐదు రెట్లు, కిలో లెక్కన చూసినా నాలుగున్నర రెట్లు. కాకా అడిగిన ప్రశ్నకు జవాబు ఈ లెక్కే. యూరియా చవక కాబట్టి రైతు అదే గుప్పిస్తాడు, డీఏపీ, పొటాష్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి వెనక్కి లాగుతాడు, భూమికి కావాల్సిన భాస్వరం, పొటాష్ అందక పంట బలం తగ్గుతుంది. మా దుకాణం ముందు ఇది ప్రతి వానాకాలం చూస్తూనే ఉన్నాను.

నాకు అర్థమైంది ఇది. 1991లో దెబ్బ అన్ని ఎరువుల మీద ఒకేసారి పడింది కాబట్టి అందరూ ఒక్కటై అడ్డం పడ్డారు. 1992లో దెబ్బ సగం మీదే పడింది, మిగతా సగానికి రేటు తగ్గింది, పైగా నిర్ణయం అన్ని పార్టీల సభ్యులున్న కమిటీ దారిన వచ్చింది. అప్పుడు కోపం చీలిపోయింది. యూరియాను ప్రతిపక్షం పట్టుకుంది కాబట్టి ఇప్పటికీ ఏ ప్రభుత్వమూ దాని రేటు ఒక్కసారిగా భారీగా పెంచడానికి ధైర్యం చేయదు. డీఏపీని ఆ గట్టితనంతో పట్టుకోలేదు, అది జారిపోయింది. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లు ఉండొచ్చు. 2021 మే నెలలో డీఏపీ బస్తా 2,400 దాకా పోతుందన్నప్పుడు కేంద్రం సబ్సిడీని బస్తాకు 500 నుంచి 1,200కు పెంచి రైతుకు 1,200కే ఉండేట్టు చేసింది, అంటే గట్టిగా ఒత్తిడి వస్తే డీఏపీకి కూడా దారి దొరుకుతుందన్న మాట. 2022-23లో ఉక్రెయిన్ యుద్ధం రోజుల్లో మొత్తం ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఇంత డబ్బు ఎక్కడికి వెళ్తోంది, ఏ కంపెనీకి ఎంత, ఏ ఎరువుకు ఎంత అని సభలో అడగాల్సిన పని ఎంపీలది, ఆ అడిగింది చదవాల్సిన పని మనది.

వాడే విధానం చెబుతాను. వెతకడానికి మాట ఒక్కటే కొడితే వేల ఫలితాలు వచ్చి పడతాయి, భయపడొద్దు. పక్కన లోక్‌సభ నంబరు, సెషన్, తేదీ, సభ్యుడి పేరు, శాఖ ఎంచుకునే వీలుంది. 1991 బడ్జెట్ చర్చ కావాలంటే పదో లోక్‌సభ, మొదటి సెషన్. పేర్ల స్పెల్లింగ్ దగ్గర ఓపిక కావాలి. మన రెడ్డి అనే పేరు చివర పాత రికార్డుల్లో కొన్నిచోట్ల ఐ అక్షరం, కొన్నిచోట్ల వై అక్షరం ఉంటుంది, రెండూ కొట్టి చూడండి. పాతవి అచ్చు పుస్తకాలను స్కాన్ చేసిన ఫైళ్లు, ఒక్క రోజు చర్చే వందల పేజీలు ఉంటుంది. ఫోన్‌లో చదవడం కష్టం, కంప్యూటర్‌లో తెరిచి ముందు విషయసూచిక చూసుకుని ఆ పేజీకి వెళ్లడం మేలు. కమిటీ నివేదికలు వేరే విభాగంగా ఉన్నాయి. అందులో ప్రజా పద్దుల కమిటీ నివేదికలు అస్సలు వదలొద్దు. 1967 నుంచి ఆ కమిటీకి ప్రతిపక్ష సభ్యుడే చైర్మన్‌గా ఉండటం ఆనవాయితీ, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ పట్టుకున్న తప్పుల మీద అధికారులను పిలిచి కూర్చోబెట్టి అడిగేది అక్కడే.

ఈ మధ్య సంవత్సరాల ప్రశ్నలు, జవాబులు కావాలంటే సంసద్ వెబ్‌సైట్‌లో ప్రశ్నల విభాగం చూడండి. శాఖ పేరు దగ్గర రసాయనాలు, ఎరువులు ఎంచుకుంటే చాలు. లోక్‌సభలో రోజుకు ఇరవై నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 దాకా గుర్తు లేని ప్రశ్నలు జాబితాలో పెడతారు. నక్షత్ర గుర్తు ఉంటే మంత్రి లేచి నిలబడి జవాబు చెప్పాలి, ఎంపీ దాని మీద అనుబంధ ప్రశ్న వేయొచ్చు. గుర్తు లేనివాటికి రాతలో జవాబు. గంట టైంలో ఇరవై ప్రశ్నలూ పూర్తి కావు, కొన్నే నోటి జవాబు దాకా వస్తాయి. అయినా రాత జవాబుల్లోనే నాకు ఎక్కువ సరుకు దొరుకుతుంది, ఎందుకంటే కింద రాష్ట్రాలవారీగా పట్టికలు జతచేస్తారు, ఎంత అవసరం, ఎంత లభ్యత, ఎంత అమ్మకం అని.

2025 వానాకాలం గుర్తుందా? మహబూబాబాద్, వరంగల్, ములుగు అన్నిచోట్లా సహకార సంఘాల ముందు యూరియా కోసం తెల్లారకముందే క్యూ, మనుషులకు బదులు చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టుకుని ఎదురుచూశారు. రామగుండం యూరియా ఫ్యాక్టరీలో కొన్నాళ్లు ఉత్పత్తి ఆగింది. రాష్ట్రం కేంద్రాన్ని అంది, కేంద్రం సరిపడా ఇచ్చామంది, ప్రతిపక్షాలు ఇద్దరినీ అన్నాయి. టీవీలో ఎవరి మాట వింటే వాళ్లదే నిజం అనిపిస్తుంది. మందు కోసం వచ్చిన అక్కచెల్లెళ్లు మా దుకాణం ముందు నిలబడి సేటూ నువ్వే దాచిపెట్టినవా అని అడిగితే ఎంత టెన్షన్ ఉంటుందో అనుభవించినవాడికే తెలుసు. అప్పుడు నేను చేసిందేమిటంటే, ఎవరితో వాదన పెట్టుకోకుండా సభలో ఇచ్చిన పట్టికల ప్రింట్లు తీసి కౌంటర్ మీద పెట్టాను. సభలో మంత్రి కావాలని తప్పు లెక్క రాసిచ్చారని తేలితే సభా హక్కుల ఉల్లంఘన తీర్మానం దాకా వెళ్లొచ్చు, కాబట్టి టీవీలో చెప్పిన దానికంటే అక్కడ చెప్పిన దానికి బరువు ఎక్కువ.

పాత చర్చల్లో ఒకటి తప్పకుండా చదవండి. 1963 ఆగస్టులో నెహ్రూ ప్రభుత్వం మీద కృపలానీ పెట్టిన అవిశ్వాస తీర్మానం, లోక్‌సభలో చర్చకు వచ్చిన మొట్టమొదటి అవిశ్వాసం అది. చైనా యుద్ధం అయి ఏడాది కాలేదు, పన్నులు పెరిగాయి. తీర్మానానికి వచ్చినవి 62 ఓట్లు, వ్యతిరేకంగా 347. ఓట్ల లెక్క చూస్తే అదో ఓటమి. కానీ ఆ రోజుల్లోనే ఉప ఎన్నికలో గెలిచి కొత్తగా సభకు వచ్చిన రామ్‌మనోహర్ లోహియా లేచి, ఈ దేశంలో 27 కోట్ల మంది రోజుకు మూడు అణాల మీద బతుకుతున్నారు అన్నారు. నెహ్రూ పదిహేను అణాలు అన్నారు. ఆ మూడు, పదిహేను మధ్య జరిగిన వాదన దేశంలో పేదరికం లెక్క వేయడం గురించి అందరూ ఆలోచించేలా చేసింది. ప్రభుత్వం పడిపోలేదు, కానీ సగటు మనిషి రోజు ఖర్చు ఎంత అన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా తప్పించుకోలేకపోయింది. లోహియా హిందీలో మాట్లాడారు, చర్చల మూల ప్రతిలో ఆయన ప్రసంగం హిందీలోనే ఉంటుంది.

1957 డిసెంబర్‌లో ఎల్‌ఐసీ డబ్బులు ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల్లో ఎందుకు పెట్టారని ఫిరోజ్ గాంధీ అడిగిన చర్చ కూడా ఉంది. అధికార పార్టీ సభ్యుడై ఉండి సొంత ప్రభుత్వాన్నే అడిగారు, చాగ్లా విచారణ కమిషన్ పడింది, 1958లో ఆర్థిక మంత్రి టీటీ కృష్ణమాచారి రాజీనామా చేయాల్సి వచ్చింది.

మన తెలుగువాళ్లకు ఎనిమిదో లోక్‌సభ ప్రత్యేకం. 1984 ఎన్నికల్లో కాంగ్రెస్ నాలుగు వందలు దాటితే, ముప్పై సీట్లతో పెద్ద ప్రతిపక్షంగా నిలిచింది తెలుగుదేశం. సభలో వాళ్ల నాయకుడు ఆదిలాబాద్ ఎంపీ సి. మాధవరెడ్డి. అదే ఎన్నికల్లో బీజేపీకి దేశం మొత్తం మీద వచ్చిన రెండు సీట్లలో ఒకటి మన హనుమకొండ, చందుపట్ల జంగారెడ్డి పీవీని ఓడించి గెలిచారు. ఇప్పుడు హనుమకొండ లోక్‌సభ నియోజకవర్గమే లేదు, 2009 నాటికి పోయింది. ఆ రికార్డులు మాత్రం ఉన్నాయి. ఉత్తర తెలంగాణ మనుషులు ఢిల్లీలో ప్రభుత్వాన్ని ఏమడిగేవాళ్లో తెలుసుకోవాలంటే ఆ ఐదేళ్లు వరుసగా తిరగేయండి.

ఈ సర్వీసు ఎంత బాగున్నా అందులో పెట్టడానికి సభలో ప్రశ్న అంటూ జరగాలి కదా, నాకు బాధ కలిగేది అక్కడ. 2020 ఆగస్టు 31న ఏప్రిల్-జూన్ త్రైమాసికం జీడీపీ 23.9 శాతం పడిపోయిందని లెక్క వచ్చింది. అంత పెద్ద దెబ్బ తగిలిన రెండు వారాలకు మొదలైన వర్షాకాల సమావేశాల్లో కరోనా పేరుతో ప్రశ్నోత్తరాల సమయమే తీసేశారు. రాత జవాబులు మాత్రం ఇచ్చారు. అలాంటి ఒక రాత జవాబులోనే కార్మిక శాఖ, లాక్‌డౌన్‌లో చనిపోయిన వలస కార్మికుల లెక్క తమ దగ్గర లేదని చెప్పింది. మంత్రి సభలో నిలబడి ఉంటే ఎవరో ఒక ఎంపీ లేచి, మరి ఎందుకు లేదు, ఎవరు రాయాలి అని అడిగేవారు. కాగితం మీద వచ్చిన జవాబును ఎదురు ప్రశ్న వేసి అడిగేది ఎట్లా? ఆ ఏడాది శీతాకాల సమావేశాలు జరగనే లేదు. మనిషి ఆకలితో నడిచి ఊరు చేరిన ఏడాది అది, ఆ ఏడాదే ప్రభుత్వాన్ని నోటితో అడిగే గంట లేకపోవడం నేను ఒప్పుకోలేను.

ఇందులో ప్రతిపక్షాల తప్పు లేదని కూడా అనను. 2018 మార్చి 14న లక్షల కోట్ల బడ్జెట్ లోక్‌సభలో చర్చ లేకుండా అరగంట గందరగోళంలో పాసైపోయింది. శాఖల ఖర్చుల పద్దులన్నిటినీ చర్చ లేకుండా ఒకేసారి ఓటుకు పెట్టడాన్ని గిలెటిన్ అంటారు. ఆ రోజుల్లో మన తెలుగు రాష్ట్రాల పార్టీలు, తమిళ పార్టీలు ఎవరి డిమాండ్ల ప్లకార్డులు వాళ్లు పట్టుకుని స్పీకర్ కుర్చీ ముందున్న వెల్‌లో నిలబడ్డాయి. ప్రభుత్వానికి అది కలిసొచ్చింది. పద్దు మీద కోత తీర్మానం అని ఒక ఆయుధం ఉంది. ఒక శాఖ విధానమే నచ్చకపోతే దాని పద్దును ఒక్క రూపాయికి తగ్గించమని, ఫలానా ఫిర్యాదు వినిపించాలంటే వంద రూపాయలు తగ్గించమని తీర్మానం ఇవ్వొచ్చు. సభ నడిస్తేనే ఆ ఆయుధం పనికొస్తుంది. ప్లకార్డు ఫొటో మర్నాడు పేపర్లో వస్తుంది, కోత తీర్మానం అయితే ముప్పై ఏళ్ల తర్వాత కూడా నాలాంటి దుకాణదారుడికి దొరుకుతుంది. 2016లో నోట్ల రద్దు మీద నవంబర్ 24న రాజ్యసభలో మన్మోహన్ సింగ్ మాట్లాడింది కొద్ది నిమిషాలే, జీడీపీ రెండు శాతం దాకా తగ్గొచ్చని ఒక లెక్క పెట్టి కూర్చున్నారు. లెక్క పెట్టారు కాబట్టే ఇప్పటికీ సరిపోల్చి చూసి తప్పో ఒప్పో మాట్లాడుకుంటున్నారు.

ఇక తగ్గించిన స్టార్ సంగతి. జవాబులు ఇంగ్లీషులో, హిందీలో ఉంటాయి, తెలుగులో ఉండవు. సభ నడుస్తున్నప్పుడు తెలుగు అనువాదం చెవికి వినిపించే ఏర్పాటు లోక్‌సభ చేసింది, తెలుగు సహా పది ప్రాంతీయ భాషలతో నడుస్తున్న దానికి 2025 ఫిబ్రవరిలో ఇంకో ఆరు చేర్చారు, చాలా సంతోషం. కానీ వినేది ఆ పూటతో పోతుంది, రైతు దాచుకుని చూపించగలిగేది కాగితమే. యూరియా, పత్తి, మిర్చి మీద వచ్చే జవాబులైనా తెలుగులో పెడితే వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే ప్రతి రైతూ చదువుతాడు. 2025 ఆగస్టులో పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసి డిసెంబర్ చివరి దాకా ఆ మినహాయింపు ఉంచారు. సరిగ్గా మన పత్తి మార్కెట్‌కు వచ్చే నెలలు అవి. దాని మీద ఎవరు ఏమడిగారు, ఏం చెప్పారు అన్నది ఆ పత్తి పండించినవాడికి అతని భాషలో అందకపోతే అడిగిన ప్రశ్న సగమే పని చేసినట్టు.

చివరగా రెండు పనికొచ్చే సంగతులు. మంత్రి జవాబులో "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అని కనిపిస్తే అక్కడితో వదిలేయకండి. అది హామీ కిందకు వస్తుంది, మూడు నెలల్లో నెరవేర్చాలి, దాన్ని వెంటపడి చూడటానికి ప్రభుత్వ హామీల కమిటీ అని 1953 నుంచి ఒకటి ఉంది, దాని నివేదికలూ ఇదే లైబ్రరీలో ఉన్నాయి. రెండోది, ప్రశ్న సభ దాకా వెళ్లాలంటే ఎంపీ పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఎక్కువమంది ఇస్తే బ్యాలెట్‌లో, అంటే లాటరీలో పేరు రావాలి. అంటే సమావేశాలు మొదలయ్యాక ఎంపీ ఆఫీసుకు వెళ్లి లాభం తక్కువ, తేదీలు ప్రకటించిన వారంలోనే కాగితం చేతిలో పెట్టాలి. "రైతుల సమస్యలు తీర్చండి" అని రాస్తే అది ప్రశ్న కాదు. మా మండలం డీలర్లం, సహకార సంఘం వాళ్లం కలిసి పోయినసారి రాసిచ్చింది ఇట్లా ఉంది: ఈ జిల్లాకు గత మూడు వానాకాలాల్లో నెలవారీగా కేటాయించిన యూరియా ఎంత, చేరింది ఎంత, ఏ తేదీన చేరింది. తేదీ అడగడం మర్చిపోవద్దు, సీజన్ మొత్తం లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది, నాటు వేసిన మూడో వారంలో బస్తా దొరికిందా లేదా అన్నది తేదీలోనే బయటపడుతుంది.